ఫార్మాట్ కొట్టించే ముందు: కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయిస్తే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ తేదీ దగ్గరపడ్డప్పటి నుంచి హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల ఇళ్లల్లో ఏళ్ల తరబడి మంచిగ నడిచిన డెస్క్‌టాపుల మీద చేతులు పడుతున్నాయి. ఒకరు విండోస్ 11 వేస్తారు. ఒకరు బోర్డు, ప్రాసెసర్ మారుస్తారు. ఇంకొకరు పిల్లల గేముల కోసమో, పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసమో తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డును సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి పెడతారు. ఆ సాయంత్రమే పంచాయితీ మొదలు. ఐకాన్లు లడ్డూలంత పెద్దగా కనబడతాయి, లేదా విండోస్ బొమ్మ వచ్చి స్క్రీన్ నల్లగా అయిపోతుంది, లేదా గేమ్ పెట్టిన ఐదు నిమిషాలకు మెషిన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "డ్రైవర్ ప్రాబ్లం అన్నా, తీసుకురా, ఫార్మాట్ కొడదాం."

డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడటానికి విండోస్ వాడే ప్రోగ్రాం. ఫార్మాట్ అంటే డిస్కు తుడిచి విండోస్ మళ్లీ వేయడం. అలా కొడితే కొన్నిసార్లు బాగవుతుంది, నిజమే. కానీ ఏది చెడిందో తెలియకుండా బాగవుతుంది కాబట్టి, వారం తిరిగేసరికి అదే తిప్పలు. ఈలోపు సీ డ్రైవ్‌లో ఉన్న ఫోటోలు, టాలీ డేటా, పిల్లల ప్రాజెక్టులు గంగలో కలుస్తాయి. "డ్రైవర్ ప్రాబ్లం" అనే మాట కింద కనీసం ఐదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి: కేబుల్, కరెంటు, బయోస్ (విండోస్ కన్నా ముందే లేచే, బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగు, తప్పు డ్రైవర్, చెడిపోయిన కార్డు. వీటిలో ఒక్కదానికే డ్రైవర్ మందు. ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి సులువైన గీత ఒకటుంది. మెషిన్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు కంపెనీ లోగో వస్తుంది కదా, ఆ లోగోకు, బయోస్ స్క్రీన్‌కు విండోస్ డ్రైవర్‌తో ఏ సంబంధమూ లేదు. కార్డులోనే ఉన్న చిన్న బయోస్ ఆ బొమ్మను వేస్తుంది. కాబట్టి లోగోయే రాకపోతే ఎన్నిసార్లు డ్రైవర్ వేసినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా దండగే. లోగో వచ్చింది కానీ బయోస్ స్క్రీన్ మీదే రంగురంగుల చుక్కలు, గడులు, నిలువు గీతలు కనబడితే కార్డు మీది మెమరీ చిప్పులు గానీ, వాటి టంకం గానీ చెడిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. లోగో శుభ్రంగా వచ్చి, గుండ్రంగా తిరిగే చుక్కలు కూడా వచ్చి, ఆ తర్వాత నల్లబడితే మాత్రం డ్రైవర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఎందుకంటే విండోస్ తన అసలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను లేపేది సరిగ్గా ఆ క్షణంలోనే.

లోగోయే రానివాళ్లు ముందు మానిటర్ కేబుల్ వెనక ఎక్కడుందో చూడండి. కార్డు పెట్టాక కూడా పాత అలవాటుకొద్దీ మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలోనే గుచ్చుతారు. కార్డు పోర్టులు క్యాబినెట్ కింది భాగంలో అడ్డంగా ఉంటాయి, బోర్డు పోర్టులు పైన యూఎస్‌బీల పక్కన ఉంటాయి. ప్రాసెసర్ మార్చినవాళ్లకు ఇంకో మెలిక: ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600లో ఉండదు, 5600జీలో ఉంటుంది. లేని గ్రాఫిక్స్ కోసం బోర్డు పోర్టుకు కేబుల్ పెట్టి ఎంతసేపు చూసినా "నో సిగ్నల్" తప్ప ఏమీ రాదు.

మన దగ్గర ఇంకా చాలా ఇళ్లల్లో మానిటర్లు నీలం రంగు వీజీఏ పిన్నువే. ఎన్విడియా కంపెనీ 10 సిరీస్ నుంచి కార్డుల్లో వీజీఏ సిగ్నల్ అసలు లేదు. అందుకని హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు కన్వర్టర్ పెడతారు. చవక కన్వర్టర్లతో వచ్చే చిక్కు అచ్చం డ్రైవర్ చిక్కులాగే కనబడుతుంది: రిజల్యూషన్ 1024 బై 768 దగ్గర ఆగిపోతుంది, పైకి పోనివ్వదు. మానిటర్ తన కొలతలను కేబుల్ గుండా కార్డుకు చెప్పాలి. కన్వర్టర్ ఆ కబురును మధ్యలో మింగేస్తే విండోస్‌కు ఏమీ తెలియదు. కంప్యూటర్ భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ కింద "జెనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్" అని ఉండి, పైన కార్డు పేరు మాత్రం సరిగ్గా ఉంటే, తప్పు కన్వర్టర్‌దో కేబుల్‌దో. డ్రైవర్‌ను ముట్టుకోవద్దు, కన్వర్టర్ మార్చండి. వీలైతే హెచ్‌డీఎంఐ ఉన్న మానిటర్‌ను పక్కింటి నుంచి పది నిమిషాలు అడిగి తెచ్చి చూసుకుంటే అనుమానమే ఉండదు.

విండోస్ 11 కోసం బయోస్‌లో మార్పులు చేసినవాళ్లకు వచ్చే గండం వేరు. పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సీఎస్ఎం అనే సెట్టింగు ఆపేసి, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ పెట్టగానే కొందరి స్క్రీన్ పూర్తిగా చీకటి అవుతుంది. పాత కార్డుల్లో చాలావాటి బయోస్‌కు యూఈఎఫ్ఐ పద్ధతిలో బొమ్మ వేయడం రాదు, సీఎస్ఎం ఉంటేనే అవి పలుకుతాయి. బోర్డు పోయిందని హైరానా పడొద్దు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి, బోర్డు పోర్టుకు కేబుల్ పెట్టి బయోస్‌లోకి వెళ్లి మార్చుకోండి. లేకపోతే పవర్ కేబుల్ పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి మళ్లీ పెట్టండి, సెట్టింగులు మొదటికి వస్తాయి. అయితే విండోస్ 11లో డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం పడి ఉంటే, బయోస్ మార్చాక అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బయోస్‌ను ముట్టుకునే ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇప్పుడు కరెంటు సంగతి. దీనిమీద ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే డ్రైవర్ పేరు మీద వచ్చే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఎస్ఎంపీఎస్సే, అంటే క్యాబినెట్ లోపల అన్నింటికీ కరెంటు పంచే డబ్బా.

బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి దానికి అందే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తుంది. జీటీఎక్స్ 1650 లాంటి కార్డు 75 వాట్లలో సర్దుకుంటుంది. ఆర్ఎక్స్ 6600 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 170, సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికే ఆర్ఎక్స్ 580 185 వాట్లు లాగుతాయి. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద "450 వాట్లు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. పక్కన చిన్నక్షరాల పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించండి, 216 వాట్లు. ప్రాసెసర్‌కు, కార్డుకు కలిపి నిజంగా దొరికేది అంతే. 170 వాట్ల కార్డు, 65 వాట్ల ప్రాసెసర్ దాన్ని అప్పుడే దాటేశాయి. 3060కు ఎన్విడియా చెప్పేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్, అదీ పేరున్న కంపెనీది.

ఎనిమిది పిన్నుల కేబుల్ లేదని హార్డ్ డిస్కుకు పెట్టే సాటా కనెక్టర్ నుంచి కన్వర్టర్ వేసి నడిపేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దానితో 150 లాగితే ప్లాస్టిక్ ముందు గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. ఇంకో ప్రమాదం: ప్రాసెసర్‌కు పెట్టే ఎనిమిది పిన్నుల కేబుల్, కార్డుకు పెట్టేది దూరం నుంచి ఒకేలా కనబడతాయి. చేతిలోకి తీసుకుని చూడండి. ప్రాసెసర్‌ది మధ్యలో నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. పసుపు, నలుపు తీగల వరుస రెండింటిలో తారుమారుగా ఉంటుంది, అంటే ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ వస్తుంది. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా దూరదు. బలంగా నొక్కి దూర్చినవాళ్ల కార్డు మొదటి స్విచ్‌కే పోతుంది.

కరెంటు చాలకపోతే ఎలా తెలుస్తుంది? డెస్క్‌టాప్ మీద, యూట్యూబ్ మీద ఏ ఇబ్బందీ ఉండదు. గేమ్ మొదలైన కాసేపటికి స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్లు హోరుమంటాయి, లేదా మెషిన్ టక్కున ఆరిపోయి మళ్లీ లేస్తుంది. అప్పుడు విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ చూడండి. ఆ సమయానికి "కెర్నల్-పవర్ 41" ఒక్కటే ఉండి, నీలం స్క్రీన్ జాడ ఏదీ లేకపోతే మెషిన్ ఒక్కసారిగా ఆగిపోయిందన్నమాట, ముందు ఎస్ఎంపీఎస్‌ను పట్టుకోండి. అదే "డిస్‌ప్లే 4101" ఉంటే, డ్రైవర్ జవాబివ్వడం మానేస్తే విండోస్ దాన్ని లేపి నిలబెట్టింది. ఈ రెండు నంబర్లు తేడాగా చూసుకుంటేనే సగం తొవ్వ దొరికినట్టు.

యూపీఎస్‌ను కూడా మరిచిపోవద్దు. ఇళ్లల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు. పాత మెషిన్‌కు సరిపోయింది, కొత్త కార్డుతో గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే కూతపెట్టి చేతులెత్తేస్తుంది. ఇన్వర్టర్ మీద నేరుగా నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ "యూపీఎస్ మోడ్"లో ఉందో లేదో చూసుకోవాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటును ఫ్యాను తట్టుకుంటుంది, కంప్యూటర్ తట్టుకోదు.

కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోవడం ఇంకో మామూలు సంగతి. మెషిన్ ఆపి, పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ ఒక్కసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. స్లాట్ చివర ఉండే ప్లాస్టిక్ కొక్కెం నొక్కి కార్డు తీయండి. కింది అంచు మీద బంగారు రంగు గీతలు వరుసగా ఉంటాయి. వాటిని వెలుతురుకు పట్టి చూస్తే ఒక్కోసారి మసకగా, నల్లటి మచ్చలతో కనబడతాయి. మెత్తని పెన్సిల్ రబ్బరుతో ఒకే దిక్కుకు మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు బ్రష్‌తో దులిపేయండి. వేళ్లతో ఆ గీతలను ముట్టొద్దు. తిరిగి పెట్టేటప్పుడు ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడుగు స్లాట్‌లోనే పెట్టి, కొక్కెం "టక్" మనేదాకా నొక్కి, వెనక స్క్రూ బిగించండి. స్క్రూ లేకపోతే బరువుకు కార్డు వంగి ఒక కొస లేస్తుంది.

ధూళి సంగతి ఊరిని బట్టి మారుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో గాలిలో తేలే నూగు ఫ్యాన్ వెనక రేకుల మీద దుప్పటిలా పరుచుకుంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి సన్నగా లోపలికి దిగుతాయి. బ్లోయర్ కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ చెడుతుంది.

ఇదంతా సరిగ్గా ఉందంటేనే విండోస్ లోపలికి రావాలి. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముందో చదవండి. కార్డు పేరే లేదంటే మళ్లీ స్లాట్, పవర్, బయోస్. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే కార్డు కనబడింది కానీ అసలు డ్రైవర్ లేదు, పెద్ద ఐకాన్ల కారణం అదే. పేరు మీద పసుపు త్రికోణం ఉంటే రెండుసార్లు క్లిక్ చేసి కోడ్ నంబరు రాసుకోండి. 28 అంటే డ్రైవర్ వేయలేదు. 31 అంటే వేసిన డ్రైవర్‌ను విండోస్ ఎత్తలేకపోతోంది, తరచూ పాత డ్రైవర్ ముక్కలు మిగిలిపోయినప్పుడు. 12 అంటే మెమరీ చిరునామాలు చాలడం లేదు, బయోస్‌లో ఎబౌవ్ ఫోర్‌జీ డీకోడింగ్ అనే సెట్టింగు ఆన్ చేసి చూడాలి. 52 అంటే డ్రైవర్ ఫైలు సంతకం చెల్లడం లేదు, ఎవరో మార్చిన డ్రైవర్ అయి ఉంటుంది. 43 అన్నింటికన్నా మొండిది: కార్డే తనలో తేడా ఉందని విండోస్‌కు చెప్పింది. శుభ్రంగా డ్రైవర్ వేసి చూసినా, వేరే మెషిన్‌లో పెట్టినా అదే 43 వస్తే ఆ కార్డు మీద ఇక ఖర్చు పెట్టొద్దు.

సెకండ్ హ్యాండ్ కార్డు కొన్నవాళ్లు ఇక్కడే జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం నడిపి చూడాలి. జీటీఎక్స్ 1050 టీఐ అని రాసి అమ్మేవాటిలో, లోపల ఫెర్మీ అనే పాత ఎన్విడియా తరం చిప్పు పెట్టి, బయోస్‌లో పేరు మార్చినవి ఉన్నాయి. జీపీయూ-జెడ్ అలాంటి కార్డు పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది. దానికి 1050 టీఐ డ్రైవర్ వేస్తే నిలబడదు, నిలబడే దారీ లేదు. క్రిప్టో నాణేల మైనింగ్‌లో వాడిన ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 570, 580లది వేరే కథ. మెమరీ వేగం కోసం వాటి బయోస్‌ను మార్చి ఉంటే ఏఎండీ డ్రైవర్ దాన్ని ఒప్పుకోక పసుపు గుర్తు వస్తుంది. కొన్ని కార్డుల అంచు మీద రెండు బయోస్‌ల మధ్య మార్చే చిన్న మీట ఉంటుంది. మెషిన్ ఆపి దాన్ని రెండో వైపుకు జరిపితే అసలు బయోస్ దొరకొచ్చు. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొనేవాళ్లయితే దుకాణంలోనే పెట్టించి, జీపీయూ-జెడ్ చూసి, కార్డును గట్టిగా పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాం పది నిమిషాలు నడిపించి డబ్బులివ్వండి. వరంగల్ నుంచి 130 కిలోమీటర్ల పైన పోయి తిరిగిచ్చి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే.

ఇక డ్రైవర్ ఎంపిక. "లేటెస్ట్ వేస్తే అయిపోతుంది" అన్న మాట పాత కార్డుల విషయంలో తప్పు. ఎన్విడియాలో ఫెర్మీ కార్డులకు చివరి డ్రైవర్ 391.35. దాని తర్వాతి తరమైన కెప్లర్ కార్డులు, జీటీ 710 లాంటివి, 470 శాఖ (డ్రైవర్ వెర్షన్ల వరుస) దగ్గర ఆగాయి. జీటీ 730 పేరుతో ఫెర్మీవీ, కెప్లర్‌వీ రెండూ అమ్మారు కాబట్టి పెట్టె మీద పేరు చూసి కాకుండా జీపీయూ-జెడ్‌లో చిప్పు పేరు చూసి ఎంచుకోవాలి. జీటీఎక్స్ 750 టీఐ, 900, 10 సిరీస్‌లకు కొత్త గేముల కోసం ఇచ్చే గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి, 580 శాఖలో భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ కార్డులకు కొత్త డ్రైవర్లు పనిచేస్తాయి. పాత కార్డుకు కొత్త డ్రైవర్ నడిపితే "సరిపడే గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ కనబడలేదు" అన్న అర్థంలో సందేశం వచ్చి ఆగుతుంది, దాన్ని చూసి కార్డు చచ్చిందనుకుంటారు. ఏఎండీలో హెచ్‌డీ 7000 నుంచి ఆర్9 300 వరకు 2021లోనే పాతవాటి జాబితాలోకి పోయాయి. వెబ్‌సైట్‌లో తనంతట తాను వెతికే ప్రోగ్రాంను నమ్ముకోకుండా, కార్డు మోడల్, విండోస్ వెర్షన్ చేత్తో ఎంచి దించుకోండి. కార్డు కంపెనీ సొంత సైటు తప్ప "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో తిరిగే ప్రోగ్రాంలు ఏవీ వద్దు.

పాత కార్డు తీసి కొత్తది పెట్టినప్పుడు, ముఖ్యంగా ఏఎండీ నుంచి ఎన్విడియాకో, అటు నుంచి ఇటుకో మారినప్పుడు, పాత డ్రైవర్‌ను ఊడ్చేయడానికి డీడీయూ వాడాలి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ దాని పూర్తి పేరు. ప్రతి అప్‌డేట్‌కు దీన్ని వాడేవాళ్లున్నారు, నేనైతే అది అనవసరం అంటాను. కార్డు మారినప్పుడో, పేచీ వచ్చినప్పుడో చాలు. వాడే వరుస మాత్రం తప్పొద్దు.

ముందు కొత్త డ్రైవర్, డీడీయూ రెండూ దించుకుని డీ డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ తీసేయండి, లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఇది దాటేస్తే చేసిందంతా వృథా అవుతుంది: డీడీయూ పాతది తీసేసిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న డ్రైవర్‌ను చాటుగా వేసేస్తుంది, దాని మీద మీరు ఇంకోటి వేస్తారు, మళ్లీ ఆగమాగం. ఆ తర్వాత షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో కొన్ని మెషిన్లు పిన్ ఒప్పుకోవు, పాస్‌వర్డే అడుగుతాయి. పిన్ అలవాటై పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు ముందే గుర్తు చేసుకోండి. ముఖ్యంగా బూట్ పద్ధతి మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి పోయేవాళ్లు, పాస్‌వర్డ్ లేకపోతే లోపలికీ పోలేరు, బయటికీ రాలేరు. స్క్రీన్ నల్లగా ఉండి ఇవేవీ నొక్కలేకపోతే, విండోస్ లేస్తుండగా పవర్ బటన్ పట్టుకుని రెండు మూడుసార్లు ఆపండి, రిపేర్ స్క్రీన్ తానే వస్తుంది.

డీడీయూలో కుడివైపు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు), దాని కింద కంపెనీ ఎంచుకోవాలి. కార్డు అప్పటికే మార్చి ఉంటే "క్లీన్ అండ్ రీస్టార్ట్". కార్డు ఇంకా మార్చలేదంటే "క్లీన్ అండ్ షట్‌డౌన్" నొక్కి, మెషిన్ ఆగాక కార్డు మార్చండి, ఇదే ఉత్తమం. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఫిర్యాదు లేకపోతే దాన్ని కదపొద్దు. తిరిగి మామూలు విండోస్‌లోకి వచ్చాక, నెట్ లేకుండానే డ్రైవర్ వేయండి. ఎన్విడియా అయితే కస్టమ్ ఎంచుకోండి. మధ్యలో స్క్రీన్ రెండు మూడుసార్లు నల్లబడి వస్తుంది, ఒక్కోసారి అర నిమిషం పడుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి పవర్ బటన్ నొక్కుతారు, సగం వేసిన డ్రైవర్‌తో మళ్లీ మొదటికొస్తారు. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. అయ్యాక రీస్టార్ట్ చేసి, అప్పుడు నెట్ పెట్టండి.

రీస్టార్ట్ అనే మాట కావాలనే అంటున్నా. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, కెర్నల్‌ను డిస్కు మీద భద్రపరిచి పొద్దున అదే లేపుతుంది. కార్డు మార్చే ముందు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది.

అంతా బాగై, పది రోజులకు మళ్లీ చెడితే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ చూడండి. మీరు వేసిన తేదీ కాకపోతే విండోస్ అప్‌డేట్ మార్చింది. రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ ట్యాబ్ కింద డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌ను "నో"గా పెట్టండి. విండోస్ ప్రో ఉన్నవాళ్లకు గ్రూప్ పాలసీలో అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపే అవకాశం ఉంది, అది ఇంకా గట్టిది.

సరైన డ్రైవరే ఉండి, గేమ్‌లో 4101 పదే పదే వస్తుంటే కారణాలు డ్రైవర్ బయట వెతకాలి. కార్డు రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను మళ్లీ లేపుతుంది. లేవకపోతే "వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్" అని నీలం స్క్రీన్. విండోస్ లోతైన సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ రెండు సెకన్లను పది చేయమని సలహాలు తిరుగుతుంటాయి. దానివల్ల జబ్బు పోదు, జ్వరం కొలిచే గొట్టం విరగ్గొట్టినట్టు. మే నెలలో రామగుండం, వరంగల్‌లో బయట 44 డిగ్రీలు దాటుతుంది, గోడకు ఆనించిన క్యాబినెట్‌లో కార్డు పీల్చే గాలే వేడిగా ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద జీపీయూ ఉష్ణోగ్రత కనబడుతుంది, గేమ్ నడుపుతూ చూడండి. కార్డు వేగం, కరెంటు సర్దే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్ 80 శాతానికి దించి అరగంట ఆడి చూడండి. పడిపోవడం ఆగితే వేడో, ఎస్ఎంపీఎస్సో. ఆగకపోతే బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆపి చూడండి, ర్యామ్ తప్పుకు కూడా నింద డ్రైవర్ మీదే పడుతుంది. కొత్త కార్డు, పాత బోర్డు కలిస్తే బయోస్‌లో పీసీఐఈ (కార్డు స్లాట్) వేగం ఆటో నుంచి జెన్ 3కి మార్చి చూడటం కూడా అయ్యేపనే. ఎప్పుడో ఒకసారి మాత్రమే స్క్రీన్ బిగుసుకుపోయేవాళ్లకు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే ఒక బీప్ వచ్చి డ్రైవర్ మళ్లీ లేస్తుంది, తెరిచిన ఫైళ్లు చాలావరకు పోవు.

విండోస్ బదులు ఉచిత లినక్స్ అయిన ఉబుంటు వాడేవాళ్లకు ఒక్క జాగ్రత్త: సంతకం లేని ప్రోగ్రాంలను బూట్‌లో ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా ఎన్విడియా డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాతి బూట్‌లో నీలం తెర మీద "ఎన్‌రోల్ మోక్" అని ఆ డ్రైవర్‌కు అనుమతి అడుగుతుంది. తొందరలో దాన్ని దాటేస్తే డ్రైవర్ ఎక్కదు, మళ్లీ వేయాలి.

ఉబుంటు పెన్‌డ్రైవ్ విండోస్ వాళ్లకూ పనికొస్తుంది. ఫార్మాట్ కొట్టించాలా వద్దా తేలేది దీనితోనే. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద వేసి, "ట్రై ఉబుంటు"తో డిస్కును ముట్టుకోకుండా నడపండి, గంటసేపు వీడియోలు చూడండి. అక్కడ కూడా గీతలు, నల్ల స్క్రీన్ వస్తే విండోస్ నిర్దోషి, ఫార్మాట్ దండగ. అక్కడ శుభ్రంగా ఉండి, డీడీయూ తర్వాత కూడా విండోస్‌లోనే చెడుతుంటే అప్పుడు ఫార్మాట్‌కు ఒప్పుకోండి, డేటా బయటికి తీసుకున్నాక. దుకాణానికి పోయేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని పొండి: జీపీయూ-జెడ్ చూపిన చిప్పు పేరు, డివైస్ మేనేజర్ కోడ్, ఈవెంట్ నంబరు, వేసిన డ్రైవర్ వెర్షన్. ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. పనిచేసిన డ్రైవర్ ఫైలు దొరికాక దాన్ని డీ డ్రైవ్‌లోంచి తీసేయొద్దు, ఫైలు పేరులో తేదీ చేర్చి అక్కడే పెట్టండి.